ముందు చక్రం, ఎడమ వైపు

శ్రావణ మాసం, రెండో ఆదివారం. ఉదయం ఆరు గంటల ఐదు నిమిషాలు. అమీర్‌పేటలో మా ఇంటి గేటు లోపల హాజరైనవారు: నేను, మా ఆవిడ, మా చెల్లెలు, చెల్లెలి కూతురు, కింద ముందు గదిలో కుట్టు దుకాణం నడిపే టైలర్ మాస్టర్. ఆరో హాజరుగా ఒక మోటార్‌సైకిల్‌ని కూడా రాశాను. నలభై ఏడేళ్లుగా డైరీ రాస్తున్నాను. ఆ వరసలో ఒక బండిని చేర్చడం అదే మొదటిసారి.

బండి మా మేనకోడలిది. అమ్మాయికి ముప్పై రెండేళ్లు. సోమాజిగూడలో ఒక ఆఫీసులో పని చేస్తుంది. తల్లీకూతుళ్లు మా పై వాటాలో ఉంటారు. మామూలు మోటార్‌సైకిల్ పదేళ్ల నుంచీ నడుపుతోంది. గత రెండేళ్లుగా, నెలకో ఆదివారం ఊరి బయట రేసు ట్రాకుకి వెళ్లి పెద్ద బండ్లు నడపడం నేర్చుకుంది. ఈ బండిని తన జీతంతో తను కొనుక్కుంది. ధర ఎంతో నాకు చెప్పింది. నేను మా ఆవిడకి ఇప్పటికీ చెప్పలేదు.

మా చెల్లెలికి ఈ బండి ససేమిరా ఇష్టం లేదు. ఆరు నెలలు ఇంట్లో అదే గొడవ. చివరికి ఒక ఒప్పందానికి వచ్చారు. శ్రావణంలో పూజ చేయించాలి. పూజయ్యాక నేను వెనక కూర్చుని ఒకసారి తిరిగి రావాలి. వచ్చి, పరవాలేదని డైరీలో రాయాలి. రాస్తే బండి ఇంట్లో ఉంటుంది, లేకపోతే అమ్మేయాలి.

నా డైరీ మీద మా బంధువులకు అంత నమ్మకం. ఎవరి పెళ్లిలో ఎవరు భోజనం చేయకుండా అలిగి వెళ్లిపోయారో, ఎవరు ఏ ఊరి నుంచి ఏ బస్సుకి వచ్చారో తేలనప్పుడు నాకే ఫోను చేస్తారు. పైగా నేను ముప్పై మూడేళ్లు బస్సు డిపోలో పని చేశాను. నా పని లాగ్‌బుక్కులు రాయడం. ఏ బస్సు ఎన్నింటికి బయటికి వెళ్లింది, ఎంత డీజిలు తాగింది, ఏ ఫిర్యాదుతో తిరిగొచ్చింది అని రాసేవాణ్ని. స్పానరు పట్టినవాణ్ని కాను. ఈ తేడా మా వాళ్లలో ఎవరికీ పట్టదు. "అన్నయ్య బస్సులే చూశాడు, ఇదెంత?" అంటుంది మా చెల్లెలు. నేనూ ఎప్పుడూ గట్టిగా కాదనలేదు.

ఆ వారమంతా సాయంత్రాలు ఆఫీసు నుంచి వచ్చాక మేనకోడలు నా ఎదురుగా కూర్చుని బండి సంగతులు చెప్పింది. నాలుగు పేజీలు రాసుకున్నాను.

"శక్తి ఎంత?" అని అడిగాను.

"రెండొందల గుర్రాలు దాటుతుంది మావయ్యా."

"సున్నా ఒకటి ఎక్కువ పడిందేమో చూడు."

"పడలేదు. నువ్వు రాసుకో."

అరవై మందిని ఎక్కించుకుని తిరిగిన మా డిపో బస్సులకే నూట ముప్పైకి లోపు ఉండేది. ఈ బండి బరువు రెండు వందల కిలోలు. అంటే కిలోకి ఒక గుర్రం. ఆ లెక్క మూడుసార్లు చేశాను. మూడుసార్లూ అంతే వచ్చింది.

"మొదటి గేరులోనే నూట యాభై దాకా పోతుంది," అంది.

వంటింట్లోంచి మా ఆవిడ, "మరి మిగతా ఐదు గేర్లూ ఎవరి కోసమే?" అంది.

సున్నా నుంచి వంద కిలోమీటర్ల వేగం అందుకోవడానికి మూడు సెకన్లు. మా బస్సు గేరు మార్చడానికే అంతసేపు పట్టేది. బండి లోపల ఒక చిన్న పరికరం ఉందట. బండి ఏ పక్కకి ఎంత వాలిందో అది అనుక్షణం కొలుస్తూ ఉంటుంది. వెనక చక్రం జారబోతే ఇంజను శక్తి తగ్గిస్తుంది. ముందు చక్రం గాల్లోకి లేవబోతే దించుతుంది. మలుపులో బ్రేకు గట్టిగా నొక్కినా చక్రం బిగుసుకుపోకుండా కాస్తుంది. వానకి ఒక పద్ధతి, రోడ్డుకి ఒకటి, ట్రాకుకి ఇంకొకటి. బొటనవేలితో బటన్ నొక్కితే బండి స్వభావమే మారిపోతుంది. క్లచ్ పట్టకుండా గేర్లు వేయొచ్చు. తాళంచెవి జేబులో ఉంటే చాలు, తిప్పక్కర్లేదు. ప్రతి వాక్యం రాశాక పెన్ను ఎత్తి మేనకోడలి ముఖంలోకి చూశాను, హాస్యమాడుతోందేమోనని. ఆడటం లేదు.

ఇక ఆ ఆదివారం సంగతి. నా మొదటి మోపెడ్ నాటి నుంచీ నాకొక పద్ధతి ఉంది. వాహన పూజకి ముందు పాత పంచె ముక్కని కొబ్బరినూనెలో తడిపి, మెరిసే ఇనుమంతా తుడుస్తాను. అలా చేస్తే పసుపు, కుంకుమ, కొబ్బరినీళ్లు పడ్డా మరక పట్టదు, తుప్పు రాదు. ఇంట్లో ఎవరు బండి కొన్నా ఆ పని నాదే. ఆరు ఇరవైకి మొదలుపెట్టాను. బండిలో మెరిసే ఇనుము పెద్దగా లేదు, అంతా బూడిద రంగు ప్లాస్టిక్కే. ముందు చక్రానికి మాత్రం రెండు వైపులా పళ్లెమంత ఉక్కు బిళ్లలు, చిన్న చిన్న చిల్లులతో తళతళలాడుతున్నాయి. ఎడమ వైపు బిళ్లని చుట్టూ చెయ్యి తిప్పి తిప్పి శుభ్రంగా తుడిచాను. కుడి వైపు ప్రహరీ గోడకి దగ్గరగా ఉండటంతో చెయ్యి పట్టలేదు. వదిలేశాను. మేనకోడలు అప్పటికి మెట్ల మీద కూర్చుని బూట్లు వేసుకుంటోంది.

దుకాణం తలుపు తీస్తూ మాస్టర్ నన్ను చూసి నవ్వాడు. "ఏంది సార్, పెండ్లిపిల్లకు నలుగు పెట్టినట్టు పెడుతున్నరు?"

"కొత్త బండి కదా మాస్టర్."

"గిది బండా? నేను ఇమానం అనుకున్న. రెక్కలు మర్చిపోయిన్రు గంతే."

బల్కంపేట ఎల్లమ్మ గుడికి మేనకోడలు బండి మీద, మేం ముగ్గురం ఆటోలో వెళ్లాం. గుడి దగ్గర హెల్మెట్ తీస్తూ, "బ్రేకు కొంచెం మెత్తగా ఉంది మావయ్యా. కొత్త ప్యాడ్లు కదా, కొంతదూరం నడిస్తే కుదురుకుంటాయని షోరూంలో చెప్పారు," అంది. నేను తల ఊపాను. బస్సులు చూసినవాణ్ని కదా.

పూజారి గారు కుంకుమ గిన్నె పట్టుకుని బండి చుట్టూ ఒక ప్రదక్షిణ చేశారు. "దీనికి బొట్టెక్కడ పెట్టాలమ్మా? ముఖమే కనపడదు," అన్నారు. ముందు రెండు సన్నటి దీపాలు సగం మూసిన కళ్లలా ఉన్నాయి. వాటి మధ్య పెట్టారు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. ఇంజను మోగగానే పక్కన నిలబడ్డ ముసలావిడ రెండు చెవులూ మూసుకుంది. నిమ్మకాయలు నలిగాయి. మా చెల్లెలు కళ్లు మూసుకుని చాలాసేపు దండం పెట్టింది.

తర్వాత నా వంతు. మా ఆవిడ, చెల్లెలు ఆటోలో ఇంటికి వెళ్లారు. మేనకోడలు నాకొక హెల్మెట్, మోచేతుల దగ్గర గట్టి బిళ్లలున్న జాకెట్ ఇచ్చింది. వెనక సీటు అనేది నిజానికి సీటు కాదు, పెద్ద పుస్తకమంత మెత్త. అక్కడ కూర్చుంటే నా మోకాళ్లు పొట్ట దాకా వచ్చాయి.

"చేతులు నా నడుం పక్కనుంచి ట్యాంకు మీద పెట్టు. నేను బ్రేకు వేసినప్పుడు ట్యాంకుని నెట్టు, నా మీద పడకు," అంది.

"మెల్లగా పోనియ్యి."

"వాన మోడ్‌లో పెట్టాను మావయ్యా. ఇంతకన్నా మెల్లగా అంటే తోసుకుంటూ వెళ్లాలి."

ఆదివారం ఉదయం ఎనిమిది కావస్తోంది. కోచింగ్ సెంటర్లు ఇంకా తెరవలేదు. అమీర్‌పేట కూడలి దాటి పంజాగుట్ట వైపు తిరిగాం. మెట్రో స్తంభాల పక్క రోడ్డు ఖాళీగా ఉంది. అంతవరకూ అది పెద్ద స్కూటర్‌లాగే మర్యాదగా నడిచింది. కాళ్లకి ఇంజను వేడి తగులుతోందని అనుకుంటున్నాను. అప్పుడు మేనకోడలు కుడి మణికట్టు కొద్దిగా తిప్పింది. ఒకటి, రెండు అని లెక్కపెట్టేంతసేపు, అంతే.

నా తల వెనక్కి వెళ్లిపోయింది. కడుపు ఎక్కడో బల్కంపేటలో ఉండిపోయింది. విడివిడిగా ఉన్న మెట్రో స్తంభాలు కలిసిపోయి ఒకే గోడ అయ్యాయి. అరవడానికి నోరు తెరిచాను. గాలి లోపలికి వచ్చింది కానీ అరుపు బయటికి రాలేదు. అరవై తొమ్మిదేళ్ల జీవితంలో నన్ను ఏదీ అలా తోయలేదు. ఇది వాన మోడ్ అనే సంగతి అంత భయంలోనూ గుర్తుంది.

వెంటనే తగ్గించింది. ముందు పంజాగుట్ట సిగ్నల్ ఎర్రగా ఉంది. గీత దగ్గర ఒక ఆటో, దాని పక్కన డివైడర్. కావలసినంత దూరం ఉంది. మేనకోడలి వేళ్లు బ్రేకు లివర్‌ని నొక్కడం చూశాను. నేను ట్యాంకుని నెట్టాను. బండి వేగం తగ్గింది కానీ తగ్గాల్సినంత తగ్గలేదు. లివర్‌ని ఇంకా నొక్కింది. మణికట్టు మీద నరం తేలింది. ఆటో వెనక అద్దంలోంచి ఒక చంటిబిడ్డ మమ్మల్నే చూస్తోంది. ఆ బిడ్డ కాటుక బొట్టు కనిపించేంత దగ్గరికి వచ్చేశాం. మేనకోడలు బండిని కుడికి వంచి ఆటోకీ డివైడర్‌కీ మధ్య సందులోకి దూర్చింది. నా మోకాలు ఆటో రేకుని రాసుకుంది. గీత దాటి రెండు గజాల అవతల ఆగాం.

ఆటో డ్రైవరు తల బయటికి పెట్టాడు. "ఏ అక్కా! గంత పెద్ద బండి కొన్నవ్, బ్రేకులు ఏడ పెట్టినవ్? ఎనక తాతను జర దేవునికి దగ్గర చేస్తున్నవా?"

సిగ్నల్ పడ్డాక మేనకోడలు బండిని మెల్లగా పక్కకి తీసి, మూసి ఉన్న ఒక షట్టరు ముందు ఆపింది. హెల్మెట్ తీసింది. ముఖం తెల్లగా పాలిపోయింది.

"దిగు మావయ్యా. నువ్వు ఆటోలో రా."

"ఏమైందమ్మా?"

"ఆలస్యంగా పట్టాను. తప్పు నాదే. రెండేళ్లు నేర్చుకుని ఇదీ నేను చేసింది." బ్రేకు నొక్కిన చేతి వంక చూసుకుంది. "ఆటోలో చంటిపిల్ల ఉంది, చూశావా?"

చూశానని చెప్పాను.

నేను ఆటోలో, మేనకోడలు బండిని మెల్లగా నడుపుకుంటూ ఇంటికి చేరాం. చెల్లెలు గేటులోనే ఉంది. నేను అబద్ధం చెప్పలేదు. బ్రేకు వేసినా ఆగాల్సిన చోట ఆగలేదన్నాను. మా చెల్లెలు కేకలు వేస్తుందనుకున్నాను. వేయలేదు. కూతురి వైపు చూసి, "విన్నావుగా?" అంది. నన్ను నిలువునా కదిలించింది మేనకోడలి జవాబు. "అమ్మేస్తానమ్మా. నాకే వద్దు," అంది. ఆరు నెలలు తల్లితో మాటకి మాట నిలబడిన పిల్ల. పైకి వెళ్లి, ఫోనులో బండి ఫొటోలు అమ్మకానికి పెట్టడం మొదలుపెట్టింది.

నేను గదిలో కూర్చుని డైరీ తీశాను. ఏ రోజైనా అదే వరస, జరిగింది జరిగినట్టు, సమయం పక్కన పని. ఆరు గంటల ఐదు నిమిషాలు, హాజరు. ఆరు ఇరవై, కొబ్బరినూనె గుడ్డతో ముందు చక్రం ఎడమ వైపు బిళ్ల తుడిచాను, కుడి వైపు వీలుపడలేదు. అక్కడ చెయ్యి ఆగింది. నా కళ్ల ముందు ఆ చిల్లుల బిళ్ల తిరుగుతోంది. దాని అంచుని రెండు వైపులా పట్టుకుని ఉన్న చిన్న డబ్బా ఒకటి ఉంది, తుడుస్తుంటే గుడ్డ దానికే తగులుకుంది. ఆ డబ్బా ఎందుకుందో పొద్దున నేను ఆలోచించలేదు.

కిందికి దిగాను. బిళ్ల మీద వేలు పెట్టి రాసి, వాసన చూశాను. కొబ్బరినూనె. మెట్టు మీద కూర్చున్నాను.

దుకాణంలోంచి మాస్టర్ తొంగి చూశాడు. "ఏమైంది సార్? బండి వాసన సూస్తున్నరు?"

చెప్పాను. అతను దగ్గరికి వచ్చి వంగి చూశాడు. నవ్వలేదు. "మా కుట్టు మిషన్‌కు సుత రోజూ నూనె ఏస్తం సార్. రంధ్రాలల్ల ఏస్తం. బెల్టుకు ఏస్తమా? బెల్టుకు అంటితే జారుతది. గిది గూడ పట్టుకునే జాగనే గద."

ముప్పై మూడేళ్ల లాగ్‌బుక్కుల్లో "బ్రేకు సరిగా పట్టడం లేదు" అని నా చేత్తో వందలసార్లు రాసి ఉంటాను. పట్టడం అంటే ఏమిటో ఒక్కనాడూ వంగి చూడలేదు. ఆ బస్సుల బ్రేకులు డ్రమ్ముల లోపల ఉండేవి. నా స్కూటర్లకీ అంతే. ఈ బండికి బ్రేకు పట్టేది బయట మెరిసే ఆ బిళ్లనే, దాన్ని నూనెతో తుడిచాను. మా బండిని ఆ చంటిపిల్ల ఉన్న ఆటో అద్దం దాకా తీసుకెళ్లింది నా గుడ్డ.

పైకి వెళ్లి ఇద్దరి ముందూ చెప్పేశాను. నూనె తుడుస్తానంటే మేనకోడలు, "ముట్టుకోకు మావయ్యా!" అని అరిచింది. తర్వాత గొంతు తగ్గించి, "పొద్దుటి నుంచీ నేను నా చేతుల వంక చూసుకుంటూ కూర్చున్నాను. తెలుసా నీకు?" అని లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. నాకు తగిన మాటే.

మా చెల్లెలు మాత్రం నమ్మలేదు.

"నువ్వు దాన్ని వెనకేసుకొస్తున్నావు అన్నయ్యా. చిన్నప్పటి నుంచీ అంతేగా. బండి ఉంచుకోవడానికి ఇద్దరూ కలిసి కల్పించారు."

"డైరీలో రాసి ఉంది. చూడు."

"ఇప్పుడు రాసుకోవచ్చుగా?"

ఆ రోజు నాకు తగిలిన దెబ్బల్లో ఇదే పెద్దది. నలభై ఏడేళ్లలో ఆ మాట నన్నెవరూ అనలేదు. నా వెనకే పైకి వచ్చిన మా ఆవిడ గుమ్మంలో నిలబడి, "నూనె గిన్నె నేనే ఇచ్చాను వదినా," అంది. చెల్లెలు ఆవిడ వైపు కూడా అదే చూపు చూసింది. "రేపు వర్క్‌షాపుకి నేనూ వస్తాను. మెకానిక్కే చెప్పాలి. అతనికి ముందుగా ఎవరూ ఏమీ చెప్పకండి," అంది.

మర్నాడు సోమవారం. చెల్లెలు ఉపవాసం, అయినా బయలుదేరింది. వర్క్‌షాపు వ్యాను తొమ్మిదింటికి వచ్చి బండిని ఎక్కించుకుని పంజాగుట్ట తీసుకెళ్లింది. మేం ముగ్గురం వెనక ఆటోలో వెళ్లాం. నేను, మేనకోడలు చెరో వైపు, మధ్యలో చెల్లెలు.

మెకానిక్కుకి ముప్పై అయిదేళ్లు ఉంటాయి. బ్రేకు సరిగా పట్టడం లేదని మాత్రమే చెప్పాం. అతను ముందు చక్రం ఎడమ వైపు డబ్బా విప్పి, లోపలి ప్యాడ్లు తీసి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. తర్వాత కుడి వైపువీ తీశాడు. రెండు జతలనూ తెల్ల కాగితం మీద పక్కపక్కన పెట్టాడు. ఎడమ వైపువి నల్లగా నిగనిగలాడుతున్నాయి. కాగితం మీద నూనె మరక పాకింది.

"గీ ఎడమ దిక్కుయి పూర్తిగా నూనె తాగినయ్. కొబ్బరినూనె వాసనొస్తుంది. కుడి దిక్కు సాఫ్ ఉంది. బండిల ఫాల్ట్ లేదమ్మా. ఎవరో పైకెల్లి రాసిన్రు."

మా చెల్లెలు ఆ కాగితం మీదికి వంగింది. "ఇలా ఉంటే ఆగదా బాబూ?"

"ఆగిందా?"

"ఆగింది. వెనక మా అన్నయ్య కూడా కూర్చున్నాడు."

అతను లేచి నిలబడ్డాడు. "ఒక్క దిక్కు ప్యాడ్లతోని, ఎనక మనిషిని ఏస్కోని, కింద పడకుంట ఆపిన్రా? మస్తు కంట్రోల్ అమ్మా. కొత్తోళ్లయితే గాబరాకు పడిపోతరు. ఎవరు నడిపిండ్రు?"

చెల్లెలు కూతురి వైపు చూపించింది.

"నూనె?"

నా వైపు చూపించింది.

అతను నన్ను పైనుంచి కింది దాకా చూసి, పెద్దవాణ్నని ఏమీ అనలేదు. అతను తిడితే బాగుండేదనిపించింది.

కొత్త ప్యాడ్లు వేసి, బిళ్లలు మందుతో కడిగి, వర్క్‌షాపు సందులో అతనే నాలుగుసార్లు నడిపి ఆపి చూపించాడు. తర్వాత మేనకోడలిని ఎక్కించాడు. మొదటిసారి అమ్మాయి బాగా ముందుగానే ఆపేసింది. రెండోసారి కూడా. మూడోసారి మెకానిక్కు గీసిన సుద్ద గీత మీద ఆపింది. నేను సంచిలోంచి డైరీ తీశాను. ఒప్పందం ప్రకారం రాయాల్సింది ఇంకా మిగిలే ఉంది.

"నువ్వేమీ రాయక్కర్లేదు, నేను చూశాను," అంది మా చెల్లెలు. కూతురితో, "ఇంటికి నువ్వు దాని మీదే రా. మేం వెనకే వస్తాం. ఫోనులో పెట్టిన ఫొటోలు తీసెయ్యి," అంది. ఆటో ఎక్కాక నాతో ఒకే ఒక్క మాట అంది. "ఇంకెప్పుడూ దాని దగ్గరికి గుడ్డ పట్టుకుని వెళ్లకు."

అమీర్‌పేట కూడలి దగ్గర సిగ్నల్ ఎర్రగా ఉంది. మా ముందు ఆ బండి వెనక దీపం వెలిగింది. నా కుడికాలు దానంతటదే ఆటో అడుగు రేకుని గట్టిగా నొక్కింది. మా చెల్లెలు డ్రైవరు సీటు వెనక కడ్డీని రెండు చేతులా పట్టుకుంది. బండి గీతకి గజం ఇవతలే ఆగింది. అమ్మాయి ఒక కాలు కింద పెట్టింది. పచ్చదీపం పడే దాకా మేమిద్దరం ఆ కాలి వంకే చూస్తూ కూర్చున్నాం.